యాభై ఏడో పోత

సైటు, షెడ్డు నంబరు నాలుగు
ముప్ఫై ఎనిమిదో పోత నాడు

అత్తా,

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెడితే మొదటి మాటే అబద్ధం అవుతుంది. అందుకని మొదలుపెట్టను. బతికే ఉన్నాను, వేళకి తింటున్నాను. మిగతాదంతా మంటే.

ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పడేసి రావాలన్నారు. కొండ పేల్చే మందు దగ్గర ఫోను మోగకూడదట. మందు లేని చోట సిగ్నల్ లేదు. సోమవారం లారీ మీ ఆఫీసు నుంచి డ్రాయింగులు తెచ్చి మంగళవారం తిరిగి వెళ్తుంది కదా, ఆ డ్రైవరు ఖాళీ డ్రాయింగు గొట్టంలో ఉత్తరం పెట్టి ఇస్తే తిన్నగా నీ బల్ల మీద పెడతానన్నాడు. ఈ సైటులో అన్న మాట మీద నిలబడేది వాడొక్కడే.

అసలు సంగతి విను. ఈ సొరంగం పద్దెనిమిది వందల మీటర్లు. లోపలి గోడకి కాంక్రీటు రోజుకి పన్నెండు మీటర్లు పోస్తారు. అదొక పోత. మొత్తం నూట యాభై పోతలు. పోసేలోపే మా పైపులు ఇనుప కడ్డీల మధ్య కట్టేసి ఉండాలి, కేబుళ్ళు తర్వాత లాగుతాం. పోశాక గుర్తొస్తే రాయిని బతిమాలుకోవడమే. పైపులు రెండు వరసలు. కింద లైను దీపాలకి. దానికి సరిగ్గా పైన, మూడు మీటర్ల ఎత్తులో పై లైను, పొగ లాగే ఫ్యాన్లకి. రేపు లోపల ఏ లారీయో తగలబడితే కింద లైను మాడిపోయినా పైది బతికుండి ఫ్యాన్లు తిరగాలి. అందుకే రెండు.

స్టోర్లో ఉన్నది ఒక్క వరసకే! స్టోరు కీపర్ని మేం "లేదండీ గారు" అంటాం. ఆయన రిజిస్టరు తిప్పి, "లేదండీ, ఎస్టిమేట్లో ఒక్క వరసే రాశారండీ" అన్నాడు. సివిల్ ఇంచార్జి తొందరయ్య (ఇదీ మేం పెట్టిన పేరే) దగ్గరికి పరిగెత్తాను.

"రెండు కేబుళ్ళూ ఒకే పైపులో దూర్చెయ్ తమ్ముడూ. గోడలోకి తొంగి ఎవడు చూస్తాడు?"

"మంట చూస్తుంది" అన్నాను.

జోకేశాననుకుని నవ్వాడు.

ఆ ఎస్టిమేట్ వేసిన మహానుభావుడు మీ మూడో అంతస్తులోనే, ఏసీ కింద కూర్చుని ఉంటాడు. ఒకటికీ రెండుకీ తేడా తెలియనివాడికి స్కేలు ఎవరిచ్చారు? వాడెవడో కనుక్కో. నా తరఫున రెండు తిట్లు తిట్టు. ఒకటి కాదు, రెండు. అప్పుడైనా తేడా తెలుస్తుంది.

నీ అల్లుడు


హెడ్డాఫీసు, మూడో అంతస్తు
కిటికీ పక్క బల్ల నుంచి

ఒరేయ్ ఉడుకుమోతూ,

ఏసీ చెడిపోయి రెండు నెలలైంది. ముందు ఆ మాట వెనక్కి తీసుకో.

నీ ఉత్తరం గొట్టంలోంచి తీస్తుంటే పక్క బల్ల గుమాస్తా, "కాగితం వేడిగా ఉందేమిటండీ" అన్నాడు. మా అల్లుడి రాత అంతే అన్నాను.

ఎస్టిమేట్ ఎలా వేస్తారో నీకు కొత్తగా చెప్పాలా? పదో తరగతి దగ్గర ఆగిపోయి, మా ఇంట్లో మంచం కింద పడేసిన పాత డ్రాయింగుల మీద బోర్లా పడుకుని నేర్చుకున్నవాడివి. ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ. దాన్ని బల్ల మీద పరుస్తాం, గీతకి స్కేలు పెడతాం, కొలత రాసుకుంటాం, కొలిచిన గీత మీద వెంటనే రంగు పెన్సిల్ పూస్తాం, అదే గీత రెండోసారి లెక్కలోకి రాకుండా. ఇరవై ఆరేళ్ళుగా ఈ మూడో అంతస్తులో పద్ధతి ఇదే. తిట్టే ముందు ఆ మనిషికి ఎన్ని రోజులిచ్చారో అడగాలిరా. ఈ సొరంగానికి తొమ్మిది రోజులిచ్చారు.

నువ్వు చూసిన సెక్షన్ డ్రాయింగు నంబరు పంపు. గోడని నిలువుగా కోసినట్టు చూపించే బొమ్మలు మాకు అన్నీ రాలేదు. నేను చూస్తాను.

ఇంకో ప్రశ్న. ఇప్పటికే పోసిన గోడల్లో పై లైను ఉందా, లేదా? ఆ పోతలకి కరెంటు పని తరఫున సంతకం పెట్టింది ఎవరు? దీనికి సూటిగా జవాబు రాయి. తొందరయ్య జోకులు తర్వాత.

అత్త


సైటు, షెడ్డు నంబరు నాలుగు
నలభై నాలుగో పోత నాడు

అత్తా,

ఏసీ మాట వెనక్కి. మిగతాదేదీ వెనక్కి తీసుకోను.

డ్రాయింగు నంబరు వెనక రాశాను. నువ్వు చూస్తానన్నావు, నేనిక్కడ రోజూ చూస్తూనే ఉన్నాను, పన్నెండు మీటర్లకి పన్నెండు మీటర్లు మూసుకుపోవడం. పొద్దున్న తొమ్మిదికి పోత కార్డు వస్తుంది. ఇనుము కట్టినవాళ్ళ సంతకం, చెక్క బిగించినవాళ్ళ సంతకం, కరెంటు తరఫున నాది. మూడూ పడితేనే కాంక్రీటు బండి కదలాలి. డిగ్రీ ఇంజనీరు ఈ కొండ గాలి పడక పారిపోతే, "ప్రస్తుతానికి నువ్వు పెట్టు" అని నాకిచ్చారు ఆ గడి. ఆ ప్రస్తుతానికి రెండు నెలలు కావస్తోంది. మొదటి రోజు సంతకం బాగుండాలని ముందురోజు సిమెంటు సంచి కాగితం మీద యాభైసార్లు పెట్టుకున్నాను. నవ్వకు.

ఇప్పుడు రోజూ సంతకం పక్కన "పై లైను లేదు" అని రాస్తున్నాను. తొందరయ్యకి ఆ అక్షరాలు చూస్తే ఒంట్లో తేళ్ళు పాకుతున్నాయి.

"కింద లైను ఉందా లేదా?"

"ఉంది."

"మరి ఉన్నదానికి సంతకం పెట్టు. లేనిదానికి కవిత్వం రాయకు."

సైటు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ తాగుతూ నా గోడు మొత్తం విన్నాడు. విన్నాక, "ఎస్టిమేట్లో లేని పైపు నేనెక్కణ్ణుంచి తేను బాబూ? హెడ్డాఫీసుని అడుగు" అన్నాడు. హెడ్డాఫీసుకి రెండు మెమోలు పంపాను. అక్కణ్ణుంచి ఏమొచ్చిందో తెలుసా? "సైటు మేనేజరుని సంప్రదించగలరు." వాడి చెవి వీడి చేతిలో, వీడి చెవి వాడి చేతిలో. మధ్యలో గోడ లేస్తోంది.

ఇంతకు ముందు గోడల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు జరగబోయేది ఆపాలి కదా.

ఆ ఎస్టిమేట్ ఎవడిదో చెప్పలేదు. మీ వాళ్ళని వెనకేసుకొస్తున్నావా?

నీ అల్లుడు


హెడ్డాఫీసు, మూడో అంతస్తు

ఒరేయ్,

వెనకేసుకురావడం లేదు. ఆ ఎస్టిమేట్ నాది.

నీ నంబరు పట్టుకుని సెక్షన్ తెప్పించాను. దాని పక్కన నా పాత ప్లాన్ పరిచాను. పై లైను కింద లైనుకి నిట్టనిలువుగా పైన ఉంది. పైనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీత. నేను ఆ గీతని కొలిచాను, ఎర్రరంగు పూశాను, పక్కన పెట్టాను. రెండోసారి లెక్కలోకి రాకూడదని పూసిన రంగే రెండో లైనుని కప్పేసింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెప్తుంటాను, ప్లాన్ ఒక్కదాన్నే నమ్మొద్దు, సెక్షన్ వచ్చేదాకా ఆగండి అని. తొమ్మిది రోజుల్లో ఏడో రోజు అయిపోయింది, సెక్షన్ రాలేదు, నేను ఆగలేదు. అంతే. దీనికింక అందమైన కారణం లేదు.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే అనుమానం వచ్చింది. రెండు వారాలు నీకు చెప్పలేదు. నువ్వు తిట్టిన తిట్లు నాకే అని తెలిసి కూడా "ఎన్ని రోజులిచ్చారో అడుగు" అని వేరే వాళ్ళ గురించి రాసినట్టు రాశాను. దానికి సిగ్గుగా ఉంది.

నిన్న పెద్దసారు గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో ఉందన్నమాటే. ముందొక టైపు కాగితం పెట్టారు: "పరిశీలించిన మీదట ఒక వరస పైపు సరిపోతుందని నిర్ధారించడమైనది." కింద నా హోదా, ఖాళీ.

"రెండేళ్ళలో రిటైరవుతున్నారు. ఇరవై ఆరేళ్ళ మంచిపేరు. ఒక్క గీత కోసం ఎందుకమ్మా?" అన్నారు.

సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. చదివి ఇస్తానన్నాను. ఆ కాగితం నా సంచిలో, టిఫిను డబ్బా కింద ఉంది. ఇంటికి తీసుకెళ్ళాను, మళ్ళీ ఆఫీసుకి తెచ్చాను. మీ మావయ్యకి చూపించలేదు.

ఇప్పుడు తిట్టు. ఈసారి చిరునామా సరైనదే.

అత్త


సైటు, షెడ్డు నంబరు నాలుగు
యాభయ్యో పోత నాడు

అత్తా,

నీ ఉత్తరం చదివి గొట్టాన్ని షెడ్డు గోడకేసి కొట్టాను. గొట్టం వంగింది, గోడకేం కాలేదు. ఇక్కడ గోడలన్నీ అంతే.

కోపం లెక్క తప్పినందుకు కాదు. ఆ గీత చూశాను, ఎవరైనా పొరపడతారు. కోపం ఆ కాగితం మీద. దాన్ని ఇంటికి మోసుకెళ్ళి మళ్ళీ మోసుకొచ్చావా? టిఫిను డబ్బా కింద ఎందుకు పెట్టావు, నలక్కుండానా? నువ్వు గానీ సంతకం పెట్టావంటే పొగలో దగ్గుతూ గోడ తడుముకునే మనుషులకి ఏం చెప్తావు, "నిర్ధారించడమైనది" అనా?

ఇంత రాసి గంటసేపు బయట తిరిగొచ్చాను. ఎందుకంటే నిన్నింత తిట్టే హక్కు నాకు లేదు.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు. ఇప్పటిదాకా పోసిన ఏ గోడలోనూ పై లైను లేదు. సంతకాలన్నీ నావే. ఆ సెక్షన్ డ్రాయింగు నాకు పదో పోత రోజే వచ్చింది. గొట్టం మీద "ఫ్యాన్లు" అని రాసుంది. ఫ్యాన్లు బిగించేది వచ్చే ఏడాది కదా, అప్పుడు చూద్దాంలే అని తలుపు వెనక నిలబెట్టాను. మూత తీయలేదు. తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టడానికి పనికొచ్చింది. ముప్ఫై ఏడో పోత సాయంత్రం గాలికి పడి మూత ఊడితే అప్పుడు చూశాను. అంటే ఇరవై ఎనిమిది గోడలు నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టినవి. ఒకటికీ రెండుకీ తేడా తెలియనివాడెవడో అని రాశానే, ఆ ఉత్తరం చించెయ్.

ఇది ఇక్కడ ఎవరికీ తెలియదు.

నాకొక ఉపాయం తోచింది. కింద లైనుకని వచ్చిన పైపు నూట యాభై పోతలకి సరిపడా ఉంది. రేపటి నుంచి అదే పైపుతో రెండు లైన్లూ కట్టేస్తాను. వందో పోత దాటగానే స్టోరు ఖాళీ. అప్పుడు కింద లైనే ఉండదు, దీపాలే వెలగవు, చచ్చినట్టు పైపు తెప్పిస్తారు. ఎవరి పేరూ బయటికి రాదు. నీదీ రాదు, నాదీ రాదు. తొందరయ్య నెత్తిన పడుతుంది. వాడి నెత్తి గట్టిది.

నీ మీద కంప్లయింటు రాయమంటే మాత్రం నా చెయ్యి రాదు. నన్ను స్కేలు పట్టించింది నువ్వు.

నీ అల్లుడు


హెడ్డాఫీసు, మూడో అంతస్తు

ఒరేయ్ దొంగ తెలివీ,

వందో పోత దాకా ఆగి, చెయ్యని తప్పు ఇంకొకడి నెత్తిన పెడతావా? తొందరయ్య తొందరపాటు మనిషే, కానీ నా ఎస్టిమేట్ వాడు వెయ్యలేదు, నీ గొట్టానికి వాడు మూత పెట్టలేదు. అయినా నీ ఉపాయంతో ఈ యాభై గోడల సంగతేమిటి? వాటిలో పై లైను ఎప్పటికీ ఉండదు, ఎవరికీ తెలియదు. అదేనా నీ మంట?

గొట్టం సంగతి చదివి కోపం రాలేదని రాస్తే అబద్ధం. చాలా వచ్చింది. ఆ కోపం నీ మీద తీర్చుకోవాలో నా మీద తీర్చుకోవాలో తెలియక ఇంట్లో గిన్నెలన్నీ తోమేశాను. మీ మావయ్య, "రోజూ ఎవరైనా కోపం తెప్పిస్తే బాగుండు" అన్నారు.

ఈ ఉత్తరంతో రెండు కాగితాలున్నాయి. ఒకటి పెద్దసారు ఇచ్చింది. దాని మీద అడ్డంగా గీత కొట్టాను. రెండోది నేను రాసింది: ప్లాన్ మీద ఒక గీతగా కనిపించిన రెండు లైన్లని ఒకటిగా లెక్కేశాను, పైపు సగమే వచ్చింది, తప్పు నాది, సెక్షన్ కోసం ఆగి ఉండాల్సింది. దాని ప్రతి ఈ పొద్దున్న పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన ఈసారి కుర్చీ చూపించలేదు.

నీ కాగితం నువ్వు రాయి. గొట్టం సంగతితో సహా, ఇరవై ఎనిమిదీ. నాది ఒక్కటే ఇస్తే ముసలావిడ మతిమరుపు అని ఫైలు మూసేస్తారు. నీది ఒక్కటే ఇస్తే కుర్రాడి కుళ్ళు అంటారు. రెండూ కలిపి పనులు తనిఖీ చేసే ఇంజనీరుకి ఇవ్వు, సైటు మేనేజరుకి కాదు. ఇచ్చేదాకా కార్డు మీద సంతకం పెట్టకు.

చెయ్యి రాదన్నావు. నాకు మాత్రం వచ్చిందా?

అత్త


సైటు, షెడ్డు నంబరు నాలుగు
యాభై ఏడో పోత ఆగిన ఆరో రోజు

అత్తా,

ఆగింది.

నీ గొట్టం సోమవారం వచ్చింది. మంగళవారం పొద్దున్న కార్డు తెచ్చాడు తొందరయ్య. ఆరు కాంక్రీటు బండ్లు డ్రమ్ములు తిప్పుకుంటూ సొరంగం నోట్లో నిలబడి ఉన్నాయి. కార్డు తిరిగి ఇచ్చేశాను.

"సంతకమేది?"

"లేదు."

"కవిత్వమైనా రాయి, సంతకం పెట్టు!"

"కవిత్వమూ లేదు."

"ఒరేయ్, గంటన్నర దాటితే ఆరు బండ్లూ గడ్డకట్టుకుపోతాయిరా!"

"ఖాళీ స్థలంలో పోయించు. గోడలో మాత్రం పోయనివ్వను."

కాలరు పట్టుకోబోయాడు. పట్టుకోలేదు. ఇనుము కట్టేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నేను తిన్నగా తనిఖీ ఇంజనీరు గదికి వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. వెనకే సైటు మేనేజరు వచ్చాడు, చేతిలో టీ లేదు.

"మీ అత్త పరువు కూడా తీస్తున్నావు" అన్నాడు.

"ఆవిడే తీసుకుంది సార్. నేను మోసుకొచ్చానంతే."

తనిఖీ ఆవిడ చిన్నగా ఉంటుంది, కళ్ళద్దాలు ముక్కు చివర. నా కాగితం మూడుసార్లు చదివింది. "గొట్టం ఎన్నాళ్ళుంది తలుపు వెనక?" అని అడిగింది. "నెల దాటింది మేడమ్" అన్నాను. పాత కార్డులు తెప్పించింది. "పై లైను లేదు" అని రాసిన పంతొమ్మిది కార్డులూ ఒకవైపు పేర్చి, గొట్టం వచ్చాక కూడా ఏమీ రాయని ఇరవై ఎనిమిదీ రెండోవైపు పేర్చింది. ఆ రెండో కట్ట అంత ఎత్తుంటుందని నేననుకోలేదు. తర్వాత గోడకున్న వైరు ఫోను తీసి పోత ఆపమంది.

ఇంకేముంది, అందరూ నీతిమంతులైపోయారు. "నేను ముందే అన్నానండీ" అంటాడు లేదండీ గారు. పై లైనుకి పైపు వేరే సైటు నుంచి వస్తోంది. ఆరు రోజులుగా నూట యాభై మంది కూలీలు ఊరికే కూర్చుని నన్ను చూస్తున్నారు. వాళ్ళ రోజుకూలీ ఆగింది, దానికి నన్ను తిడుతున్నారు. తిట్టించుకుంటున్నాను.

సంతకం గడి నా దగ్గర్నుంచి తీసేశారు. కొత్త డిగ్రీ ఇంజనీరు వస్తున్నాడు. నన్ను మళ్ళీ వైర్‌మన్ గ్యాంగులో వేశారు. పోసేసిన యాభై ఆరు గోడల్లో పై లైనుకి దారి లేదు కాబట్టి గోడ మీదే మంట తట్టుకునే ఇనుప డక్టు, అంటే పొడుగాటి మూతపెట్టె, బిగించి అందులోంచి లాగాలట. ఆ డక్టుకి బోల్టు రంధ్రాలు వేసేది ఎవరో చెప్పనక్కర్లేదు. తల పైకెత్తి, కళ్ళలో దుమ్ము, మీటరుకి నాలుగు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

నిన్నేం చేశారు? దాచకుండా రాయి.

నీ అల్లుడు


హెడ్డాఫీసు, కింది అంతస్తు
రికార్డు గది

ఒరేయ్ అల్లుడూ,

చిరునామా చూశావుగా. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అది. ఎస్టిమేట్ల మీద ఇక నా పేరుండదు. ఇరవై ఆరేళ్ళ పాత ఫైళ్ళకి నంబర్లు వెయ్యమన్నారు. కిటికీ లేదు. కుర్చీకి మూడున్నర కాళ్ళు. మొదటి వారం రోజూ ఏడ్చి, ముఖం కడుక్కుని ఇంటికి వెళ్ళాను. మీ మావయ్యకి తెలుసు.

రెండో వారం ఒక పని చేశాను. ఇక్కడ నా ఎస్టిమేట్లన్నీ ఉన్నాయి. ప్లాన్‌లో ఒకే గీతగా కనిపించేవి ఇంకెక్కడైనా ఉన్నాయేమో, ఒక్కొక్కటీ సెక్షన్ పక్కన పెట్టి చూశాను. పదమూడు బాగున్నాయి. పద్నాలుగోది బాగోలేదు. రైలు పట్టాల కింద మనుషులు నడిచే దారి, నీకు తెలిసిందే, ఆసుపత్రి వైపుది. దీపాల లైనూ నీళ్ళు తోడే మోటార్ల లైనూ ఒకదాని మీద ఒకటి. నేను ఒకటే లెక్కేశాను. తెరిచి ఏడేళ్ళయింది. అక్కడి సైటువాళ్ళు చూసి సరిదిద్దారో, ఒకే పైపులో కుక్కేశారో ఫైల్లో లేదు. వానకి నీళ్ళొస్తే దీపాలూ మోటార్లూ ఒక్కసారే పోతాయి.

ఆ దారి చూసుకునే ఆఫీసుకి రాసి పన్నెండు రోజులైంది. జవాబు లేదు. ఇంకో వారం చూస్తాను.

అత్త


సైటు, షెడ్డు నంబరు నాలుగు
డెబ్బై మూడో పోత నాడు

అత్తా,

ఇంకో వారం ఏమిటి? జవాబు కోసం కూర్చునే ఓపిక నీకెక్కణ్ణుంచి వచ్చింది? వాళ్ళు "సైటుని సంప్రదించగలరు" అని రాస్తారు, అది చదువుకోవడానికా?

ఇక్కడ పై లైను యాభై ఏడు నుంచి లోపలే వెళ్తోంది. సంతకం కొత్త ఇంజనీరుది. పొద్దున్నే వచ్చి, "అన్నా, అన్నీ ఉన్నాయా?" అని నన్నడుగుతాడు. నిచ్చెనెక్కి చూసుకో అంటాను. మొహం మాడ్చుకుని ఎక్కుతున్నాడు. ఎక్కనీ. గోడ మీద డక్టు ఇంకా పదకొండో గోడ దగ్గరే ఉంది. నా మెడ పడమరకి తిరిగి అక్కడే ఉండిపోయింది.

ఆదివారానికి సెలవు పెట్టాను. మన లారీ డ్రైవరు బావమరిది ఆ నడకదారిలో మరమ్మతుల మేస్త్రి. మూతలు విప్పి చూపించడానికి వాళ్ళ సూపర్‌వైజరు చేత సరేననిపించాడు. పొద్దున్న ఏడింటికి ఆసుపత్రి వైపు మెట్ల దగ్గరుండు. ప్లాన్ తేకు, సెక్షన్ తే. పాత చీర కట్టుకో, అక్కడ గోడలు చెమ్మ.

ఒకే పైపులో కుక్కేసి ఉంటే సోమవారం ఇద్దరం వాళ్ళ ఆఫీసు మెట్ల మీద కూర్చుందాం. పైపులు రెండూ ఉంటే, ఏడేళ్ళ కింద ఆ సైటులో నాలాంటి నోటిదురుసు వెధవ ఎవడో ఉండి, నీకు తెలియకుండా నిన్ను బండబూతులు తిట్టి ఉంటాడు. ఉండి ఉండాలనే కోరుకుంటున్నాను అత్తా.

నీ అల్లుడు